ముప్పైమంది సాక్షులు

మా మామ పోయిన ఆదివారం పొద్దున కోయంబత్తూరులో కన్నుమూశారు. మా అమ్మకు తమ్ముడు. నేను బడి మానేశాక పని నేర్పింది ఆయనే. పొద్దున్నే ముందు నా చేతులు చూసేవారు. గోళ్లలో గ్రీజు లేకపోతే నిన్న పని చేయలేదని ఆయన లెక్క.

టెంకాయ పీచు ఒలిచే యంత్రం కోసం ఆరేళ్లు కష్టపడ్డారు. కాయ చిన్నదైనా పెద్దదైనా దానంతటదే సర్దుకునే స్ప్రింగు అమరిక ఆయన సొంతం. రెండు వేళ్ల కొనలు దానికే పోయాయి. "ఎనిమిది ఉండాయి గదా," అనేవారు.

మా వర్క్‌షాపుల్లో ఆయుధ పూజనాడు కొత్త యంత్రానికి మూత తీసి బొట్టు పెడతాం. చుట్టుపక్కల వర్క్‌షాపులవాళ్లు బొరుగులు తింటూ లోపలికి తొంగి చూస్తారు. అడిగినదానికల్లా చెప్పాలి. మామ నేర్చుకున్నదీ అలాగే. "చూపనోడికి పూజ దేనికి?" అనేవారు.

ఆ పూజ అయ్యాకే పేటెంటుకు దరఖాస్తు పెట్టాం. ఫారాలు నేనే నింపాను. ఒక పెద్ద కంపెనీ అడ్డుపడింది. ఆ అమరిక ముందే అందరికీ తెలుసు, కొత్తది కాదంది. వాళ్ల మనిషీ మా పూజకు వచ్చి, బొరుగులు తిని వెళ్లాడు.

మామకు కోపం వచ్చింది. "నేను చేసింది చూసినోళ్లు ముప్పైమంది ఉండారు. అందరి దెగ్గిరా సంతకం తీసుకో సామీ!"

ఇంటింటికీ తిరిగి నేనే రాయించాను: పూజనాడు మూత తీసి చూపారు, స్ప్రింగు ఎలా పనిచేస్తుందో చెప్పారు, అని. పదిమందిని వ్యానులో చెన్నైకి తీసుకెళ్లాం. దారంతా ఎగతాళే.

"గెలిస్తే మాకేమిస్తావు బావా?" అని ఒకడు మామను అడిగాడు.

"పీచంతా నీకే, పోరా!"

విచారణలో కంపెనీ వకీలు ఆ కాగితాలు చదివి నవ్వాడు. "మా కేసు వీళ్లే రాసుకొచ్చారు సార్. రొంబ నండ్రి," అని అరవంలో థాంక్సు చెప్పాడు. దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపినది చట్టం లెక్కలో కొత్తది కాదు. పేటెంటు రాదని అధికారి జాలిగానే చెప్పాడు. మామకు అర్థం కాలేదు.

"ఇంకా సాక్షులు కావాలా సార్?" అని అడిగారు.

చట్టం చెడ్డదని నేననను. ముందు రాసివ్వు, తరువాత చూపు, అంటుంది. చూపించుకుంటూ బతికిన ఊరికి ఆ వరుస ఎవరూ చెప్పలేదు. నేను చదివి తెలుసుకోవలసింది. ఫారం నింపడం వచ్చు గనుక చట్టమూ వచ్చనుకున్నాను. కంపెనీ ఆ అమరికకు చిన్న బ్రేకు చేర్చి, ఆ చేర్పుకు తన పేర పేటెంటు తెచ్చుకుంది. మామ నన్ను ఒక్క మాటా అనలేదు.

వర్క్‌షాపు మూతపడింది. చివరి రెండేళ్లు ఆయన ఆ కంపెనీలోనే, ఆ యంత్రం కొన్నవాళ్లకు వాడకం నేర్పే పనికి కుదిరారు. ఒకసారి పొల్లాచ్చి దగ్గర మన తెలుగువాళ్ల తోటకు నేనూ తోడు వెళ్లాను. కంపెనీ ఇచ్చిన చొక్కా ఆయనకు బాగా వదులు.

తోట యజమానురాలు మెచ్చుకుంది. "ఇంత బాగా చెప్తా ఉండారే, మీకెవురు నేర్పినారన్నా?"

మామ నా వైపు చూడలేదు. "కంపెనీవాళ్లే తల్లీ," అన్నారు.

ఇంకో కాయ అందుకుని యంత్రంలో వేశారు. పీచు చీలి ఒక పక్కన పడింది. ఒలిచిన కాయ దొర్లుతూ పోయి గుట్టలో కలిసింది. అన్నిటిలో అది ఏదో ఇక తెలియదు. ఆయన అటే చూస్తూ నిలబడ్డారు.