మసక్క మాపిన అంతరిక్ష నౌక

స్టూడియోలో అందరూ ఆమెను మసక్క అనేవారు. కొత్త వస్తువుకు మసి పూసి వయసు తెప్పించడం ఆమె పని. నిన్న చేసిన తలుపును తాతల నాటి తలుపుగా మార్చి, నల్లటి చేతులతో ఇంటికెళ్లేది. గోళ్లలోని ఆ నలుపు ఏనాడూ పూర్తిగా పోయింది లేదు.

ఈసారి దర్శకుడు సొంత తమ్ముడే. వాడికిదే మొదటి అవకాశం. అంతరిక్ష నౌక కథ. ముందు ఒక్క ఎపిసోడ్ తీసి చూపించాలి, ఛానల్‌కి నచ్చితేనే సీరియల్. కథలో నౌక మహా పాతది. మసక్క ప్లైవుడ్ గోడలకు టీ డికాషన్, బొగ్గుపొడి, నూనె రుద్దింది. కెప్టెన్లు తరతరాలుగా కుర్చీలోంచి లేస్తూ చెయ్యి ఆనించి ఉంటారనుకున్న చోట, తన అరచేతినే రోజూ ఒత్తి మరక చేసింది. ఆ మరకంటే ఆమెకు ప్రాణం.

ఛానల్ పెద్దావిడ వచ్చే రోజు తమ్ముడికి కంగారు పుట్టింది. చుట్టాలొస్తున్నారని ఇల్లు కడిగించినట్టు, నౌకంతా సబ్బునీళ్లతో తుడిపించాడు.

మసక్క వచ్చేసరికి గోడలు తళతళలాడుతున్నాయి. మరక లేదు.

"ఎవడ్రా తుడిపించింది?"

"నేనే. మురికే కదక్కా, మళ్లీ పూసుకుందువులే."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు! అయినా నలుగురిలో వాడి పరువు తీయలేక పళ్లు బిగించింది.

పెద్దావిడ లోపలికొచ్చి మొహం చిట్లించింది. "పాత నౌకన్నారు. ఇదేంటి, షోరూమ్‌లా ఉంది?"

తమ్ముడు అక్కవైపు వేలు చూపించాడు. "మా అక్క ఇంకా పని మొదలే పెట్టలేదండీ. ఇంట్లోవాళ్లని పెట్టుకుంటే ఇంతే."

"ఏంట్రా కూశావ్?" ఆ గొంతుకు లైట్ల వాళ్లు కూడా నిచ్చెనలు దిగారు. "చిన్నప్పుడు గ్లాసు నువ్వు పగలగొట్టి నా పేరు చెప్పావు. నీకు బదులు దెబ్బలు తిన్నాను. ఇక తినను." పెద్దావిడ వైపు తిరిగింది. "అమ్మా, నా పని నిన్ననే అయిపోయింది. పొద్దున వీడే తుడిపించాడు. తుడిచినవాళ్లు అదుగో, అడగండి."

తుడిచినవాళ్లు తలలూపారు.

"సాయంత్రానికి మళ్లీ చేయగలవా?" అడిగింది పెద్దావిడ.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు తమ్ముడు.

మసక్క కుళాయి దగ్గరికెళ్లింది. వాళ్లు మిగిల్చిన సబ్బుతోనే గోళ్ల సందులు ఎర్రబడేదాకా తోముకుంది. వచ్చి, రెండు చేతులూ వాడి మొహం ముందు చాపింది.

"చూశావా? మురికే కదరా. పోయింది."

సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.