ఎడమ చెవి కింద మచ్చతో సహా

సన్యాసిరావు గారిని పేరు అడిగితే పేరొక్కటే చెప్పి ఊరుకునేవారు కారు. "సన్యాసిరావు, తండ్రి అప్పలస్వామి, తాత జోగినాయుడు, లోకో షెడ్డు ఫిట్టరు, క్వార్టరు నూట పద్నాలుగు బై బి, ఎడమ చెవి కింద కందిగింజంత మచ్చ" అని ఒక్క గుక్కలో అనేవారు. ముప్ఫయ్యేళ్లు రైల్వే బడిలో తెలుగు చెప్పినదాన్ని. క్రియ లేని వాక్యాన్ని నేను మన్నించిన సందర్భం అదొక్కటే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మావాళ్లలో అప్పట్లో పదకొండుమంది సన్యాసిరావులు ఉండేవారు. విజయనగరం వైపునుంచి వచ్చిన ప్రతి కుటుంబమూ మొక్కు మరచిపోకుండా ఒక బిడ్డకు ఆ పేరు పెట్టేది. తక్కిన పదిమందీ పేరుతోనే సరిపెట్టుకున్నారు. ఈయన మాత్రం గుడిలో అర్చనకు కూడా చిరునామా చెప్పేవారు.

"దేవుడికి క్వార్టరు నంబరెందుకండీ?" అని పూజారి గారు ఒకసారి విసుక్కున్నారు.

"పదకొండుమందిమి ఉన్నాం బాబూ. నా పున్నెం నూట పదిహేనుకి ఎల్లిపోతేనో?"

సొంత ఇంటి తలుపు తట్టినా అదే వరస. లోపలినుంచి ఆయన భార్య అప్పలనర్సమ్మ గారు "ఎవులూ?" అంటే చాలు, బయట తండ్రి, తాత, షెడ్డు, క్వార్టరు వరసగా మొదలయ్యేవి. "మచ్చ దాకా ఇనేసరికి కూర మాడిపోతంది టీచరమ్మా!" అని ఆమె నాతో మొరపెట్టుకునేవారు.

కాలనీ పిల్లలకూ మినహాయింపు లేదు. "నీ పేరేటి?" "సన్యాసి." "ఏ సన్యాసి? తండ్రి పేరు సెప్పు. మచ్చుందా, నేదా?" మచ్చ లేని పిల్లలను చూసి ఆయన నిజంగానే విచారించేవారు.

ఎనభై ఎనిమిదిలో మా కాలనీలోని ఎర్రయ్య కొడుకు రైల్వేలో ఖలాసీగా ఎంపికయ్యాడు. నా పాత విద్యార్థి, వాడూ సన్యాసిరావే. రాతపరీక్ష, వైద్యపరీక్ష అన్నీ దాటాడు. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. పోలీసు థానానుంచి కాగితం తిరిగివచ్చింది: 'రికార్డులో పేరు ఉన్నది.' ఆ మూడు మాటలతో ఉద్యోగం ఆగిపోయింది. పదిహేను రోజులలో సంజాయిషీ ఇవ్వకపోతే జాబితాలో తరువాతివాడికి పోతుందన్నారు.

"నేనేటీ చెయ్యలేదు మేడమ్, కసమ్ సే!" అన్నాడు వాడు, కళ్లనిండా నీళ్లతో.

హిందీలో అర్జీ రాసి, వాణ్ణి వెంటబెట్టుకుని రిక్షా ఎక్కబోతున్నాను. ఇంతలో సన్యాసిరావు గారు షెడ్డు బట్టలతోనే పరుగెత్తుకు వచ్చి ఎక్కి కూర్చున్నారు. ఛార్జిమన్‌గా పదోన్నతికి ఆయన కాగితాలు ఆ నెలలోనే పైకి వెళ్లాయి. ఆ సంబరమైనా చెబుతారనుకుంటే, దారి పొడుగునా ఒక్క మాట లేదు. రిక్షావాడు పేరడిగినా పలకలేదు.

థానాలో రాతకోతలు చూసే మున్షీ పాత రిజిస్టరు తెరిచి, దుమ్ము దులిపి, వేలు పెట్టి చూపాడు. 'సన్యాసీ రావ్, తెలుగు, రైల్వే కాలనీ. రైలు గొలుసు లాగుట, సిపాయిపై దౌర్జన్యం.' తారీఖు అరవై మూడుది.

"ఈ అబ్బాయి పుట్టిందే అరవై ఆరులోనండీ," అన్నాను హిందీలో.

"పేరు ఇదే కదా, మేడమ్‌జీ! వీడు కాకపోతే అసలువాణ్ణి చూపించండి. అప్పుడు వేరే మనిషని రాసిస్తాను."

సన్యాసిరావు గారు లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు. "సన్యాసిరావు, తండ్రి అప్పలస్వామి, తాత జోగినాయుడు, లోకో షెడ్డు ఫిట్టరు..."

"ధీరే, బాబా, ధీరే!" అని మున్షీ కలం వెతుక్కున్నాడు.

పెళ్లయిన కొత్తలో అప్పలనర్సమ్మ గారి కుట్టుమిషను రైల్లోనే ఉండిపోయిందట. ఈయన కదులుతున్న బండి ఎక్కి గొలుసు లాగారు. పట్టుకోవచ్చిన సిపాయి టోపీ పెనుగులాటలో చక్రాల కిందికి పోయింది. కోర్టు మందలించి వదిలేసినా, రిజిస్టరు వదలలేదు. అందులోని పేరు ఎవరిదో రైల్వేలో ఎవరికీ తెలియలేదు కాబట్టే ఆయన కొలువు ఇన్నేళ్లూ చల్లగా సాగింది.

"తండ్రి పేరు కూడా రాయమని ఆ దినం మొత్తుకున్నానమ్మా," అన్నారు నాతో. "'ఏక్ సన్యాసీ కాఫీ హై', ఒక్క సన్యాసి సాలు అని రాసినోడు నవ్వేసినాడు. నా తప్పు ఏ గుంటడి నెత్తిమీద పడతాదో అని అప్పట్నుంచీ ఇలా సెప్పుకుంటూ తిరుగుతన్నాను."

"మరి మీ ప్రమోషనో, మావయ్యా?" అన్నాడు కుర్రవాడు.

"ఫిట్టరుగా నాకేటి తక్కువైందిరా? పానా అదే, బోల్టూ అదే."

మున్షీ మచ్చ దాకా రాసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు తలెత్తాడు. "ఔర్ కుఛ్?"

"క్వార్టరు ముందర జామచెట్టు."

అదీ రాశాడు. కుర్రవాడి అర్జీ మీద వేరే మనిషని రాసి ముద్ర వేశాడు. పదో రోజున వాడు డ్యూటీలో చేరాడు. పదోన్నతి మాత్రం రాలేదు. సన్యాసిరావు గారు ఫిట్టరుగానే రిటైరయ్యారు. ఆ వివరాలన్నీ రాయించి గుమ్మం మీద తగిలించిన బోర్డులో ఇంకొక పదానికి ఎలాగూ చోటు లేదు గనుక ఆయన పెద్దగా పట్టించుకోలేదు.

నాలుగేళ్లకు ఆ కుర్రవాడికి కొడుకు పుట్టాడు. మొక్కు ప్రకారం సన్యాసిరావు అని పెట్టాలని ఎర్రయ్య పట్టుబట్టాడు; థానా గుర్తున్న తండ్రి జంకాడు. బారసాలకు వచ్చిన మన పెద్దాయన తగువు విని, పసివాణ్ణి చేతుల్లోకి తీసుకున్నారు. చెవుల వెనక చూశారు, అరికాళ్లు చూశారు, మెల్లగా బోర్లా తిప్పారు. ఒక్కసారిగా ఆయన ముఖం వెలిగింది.

"ఉందిరా, ఉంది! కుడి భుజం మీద, ఆవగింజంత. భయం నేదు, పెట్టియ్యండి పేరు!"