మా అరుగు మీద సినిమా తీర్పులు

మా ఆయన సినిమా హాల్లో నిద్రపోతాడు. లైట్లు ఆర్పడమే ఆలస్యం, తల పక్కకు వాలుతుంది. అయినా పంతొమ్మిదివందల యాభైల నడుమ ఆదోని పత్తి బజారులో కొత్త బొమ్మ ఎలా ఉందో ఎవరికి తెలియాలన్నా ఆయన్నే అడిగేవారు. ఆయన బాగుందంటే ఆదివారం జట్కాలు కట్టుకుని, ఆయన్నీ వెంటేసుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళేవారు. బాగాలేదంటే ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళకు ఆ బొమ్మ లేనట్టే.

ఇది ఎలా కుదిరిందో చెప్పాలంటే మా అత్తగారితో మొదలుపెట్టాలి. ఆమెకు సినిమా పిచ్చి. చూపు మందగించింది గాని పిచ్చి మందగించలేదు. కొత్త బొమ్మ పడిన రోజే మధ్యాహ్నం ఆటకు నన్ను వెంటబెట్టుకుని బయలుదేరేది. ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నది మొదలు ఆమె చెవిలో నేను సినిమా చెబుతూ ఉండాలి.

“యాడుండాడే వాడిప్పుడు?”

“తలుపు చాటున, అత్తా.”

“మొగం ఎట్ల పెట్టినాడు?”

“దొంగతనం చేసినట్టు.”

“సేసినట్టా, సేసినాడా? సరిగ్గా సెప్పవే. బి.ఏ. సదివినావు గదా!”

అనంతపురంలో నేను చదివిన చదువంతా ఆ బెంచీ మీద ఖర్చయింది. ముందు వరసల వాళ్ళు తిరిగి చూసి విసుక్కునేవారు. నేను ఆపితే అత్త మోచేత్తో పొడిచేది. అలా ఏళ్ళ తరబడి చూసినదాన్ని చూసినట్టు చెప్పడం, అందులో తాలెంతో గింజెంతో తేల్చడం నాకు అలవాటైపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన పత్తి బజారు నుంచి భోజనానికి వచ్చేవాడు. రొట్టె తుంచుతూ, “నిన్న బొమ్మ ఎట్లుంది?” అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నా మాట అడ్డం రాకుండా వినే పూట అదొక్కటే. చెనక్కాయల పొడిలో నూనె పోసుకోవడం కూడా మరిచిపోయి వినేవాడు. ఎందుకంత శ్రద్ధో మొదట్లో నాకు తెలియలేదు. మొగుడికి నా మీద గౌరవం పుట్టుకొచ్చిందనుకుని సంబరపడ్డాను. చదువుకున్నవాళ్ళకు ఇలాంటి భ్రమలు కొంచెం ఎక్కువ.

ఒకనాడు సాయంత్రం తలుపు వెనక తమలపాకులు తుడుస్తూ కూర్చున్నాను. అరుగు మీద ఆయన స్నేహితులు చేరారు. ఒకాయన గింజల వ్యాపారి, ఒకాయనకు తోళ్ళ మండీ, ఇంకొకాయన ఆలూరు నుంచి పత్తి బండ్లతో వచ్చి మా దగ్గర దిగేవాడు. కొత్త బొమ్మ సంగతి వచ్చింది. మా ఆయన గొంతు సవరించుకుని, “ఆ హీరో ఏడ్చేటప్పుడు కండ్ల కంటే బుజాలే ఎక్కువ ఏడుస్తాయప్పా!” అన్నాడు.

అరుగంతా నవ్వు. “అబ్బా, ఏం కనిపెట్టినావన్నా!” అని గింజల వ్యాపారి తొడ చరిచాడు. అది నేను ఆ మధ్యాహ్నమే మజ్జిగ పోస్తూ అన్న మాట. అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాత వచ్చిందీ నాదే. పెద్దకోడలు వేషం కట్టినామె నోరు తెరవకుండానే కథ నడిపిందన్నదీ నాదే. నా మాటలు ఒకటొకటే ఆయన మీసాల కిందనుంచి బయటికి వస్తుంటే ఈనెలు తీయాల్సిన ఆకును ముక్కలు ముక్కలు చేసి పెట్టాను.

లోపలికి రాగానే అడిగాను. “అవి నేను చెప్పిన మాటలు కదా. మా ఇంటామె చెప్పింది అంటే మీ సొమ్మేం పోతుంది?”

“మొగోళ్ళ మధ్యలో ఇంటి ఆడోళ్ళ ఊసెందుకే? మర్యాద గాదు.”

“మాట తీసుకోవడానికి మర్యాద అడ్డం రాలేదే!”

“ఏమే, మచ్చు చూసి ధర కడతారు గాని ఈ పత్తి యా చేన్లో పండిందని యా సేటైనా అడుగుతాడా?”

“చేను నాది, గింజ నాది. దూది మాత్రం మీదా?”

ఆయన నవ్వి బజారుకు వెళ్ళిపోయాడు. మా బజారులో బేరం నోటితో జరగదు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి కూడా తెలియదు. అలాంటి చోట బతికే మనిషికి ఎవరి మాట ఎవరిదని బయటపెట్టడం అసహ్యంగానే ఉంటుందేమో. కానీ నాకు కావలసింది మాత్రం అంతే. నలుగురిలో ఒక్కసారి, “మా ఇంటామె చెప్పింది” అనాలి. నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఈ మూడు ముక్కల కోసం చెప్పడం మానకుండా ఏళ్ళు గడిపాను.

అప్పుడొచ్చింది ఆ బొమ్మ. అందులో ఒక పంతులమ్మ. చనిపోయిన అక్క పిల్లల్ని పెంచుతుంది. బావ పెండ్లి చేసుకుంటానంటే వద్దంటుంది. ఎవడినో ప్రేమించి కాదు, ఒట్టు పెట్టుకునీ కాదు. వద్దనిపించి వద్దంటుంది. చివర్లో ఆమె బడి తలుపు తాళం తీసి లోపలికి పోతుంది, అంతే. ఆటలో సగం సేపు నేను అత్త చెవిలో చెప్పడం మరిచిపోయాను. వింతేమంటే ఆమె పొడవలేదు. బయటికి వచ్చాక జట్కాలో, “ఆ పిల్ల మంచి పని సేసింది లే,” అంది.

మర్నాడు భోజనం దగ్గర మా ఆయనకు ఎప్పుడూ చెప్పనంత చెప్పాను. ఆయన నమలడం ఆపి, “అంత బాగుందా?” అన్నాడు. “ఇలాంటిది మన భాషలో మళ్ళీ వస్తుందో రాదో,” అన్నాను. ఆ సాయంత్రం అరుగు మీదా అదే మాట వినబడింది. “ఇట్లాంటిది మన భాషలో మళ్ళా వస్తాదో రాదో, పోండప్పా!”

పోయారు. ఆలూరాయన బండి కట్టించి ఊరినుంచి పిల్లల్నీ, పెండ్లాం పోయాక వాళ్ళను సాకుతున్న మరదలినీ పిలిపించుకున్నాడు. సోమవారం సాయంత్రం అరుగు మీదికి అందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు.

“ఏమన్నా, ఫైటింగు లేదు, పెండ్లి లేదు, ఆఖరికి సావన్నా లేదు!” గింజల వ్యాపారి అరుపు వంటింటి దాకా వినబడింది.

“మా మరదలు ఇంటికొచ్చినప్పటి నుంచి నా మొగం సూడ్డంల్యా,” అన్నాడు ఆలూరాయన. “యాడ చూసినావప్పా అందులో గొప్ప?”

తోళ్ళ మండీ భాయి మెల్లగా, “మా ఇంట్లో ఆమె ఇంకోసారి పోతానంటాది,” అన్నాడు. ఆ మాట ఎవరూ అందుకోలేదు.

మా ఆయన పళ్ళు కుట్టుకుంటున్న పుల్ల పారేశాడు. తర్వాత గొంతు పెంచి అన్నాడు.

“నేను యాడ సూసినానప్పా! మా ఇంటామె చెప్పింది.”

అరుగు పగలబడి నవ్వింది. “ఆడోళ్ళ మాట పట్టుకుని మమ్మల్నందర్నీ తోలినావా!” “అదీ సంగతి, అన్న తీర్పు ఎప్పుడన్నా తప్పిందా!”

నేను తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చాను. ఆ ఇంట్లో కోడళ్ళు అలా రారు. “అన్నా, ఇన్నేండ్లుగా మీరు తొడలు చరిచి మెచ్చుకున్న ప్రతి మాటా ఆడదాని మాటే. ఈయన హాల్లో గురకపెడతాడు. ఆదివారాలు మీ పక్కనే కదా కూర్చునేది, మీకు వినబడలేదా?”

గింజల వ్యాపారి కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. “వదినె బలే తమాషా మనిషన్నా! మొగుణ్ణి కాచుకునేదానికి ఎంత మాట!” మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నిజం అంత సులువుగా చచ్చిపోతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కొన్నాళ్ళకు ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. ఆమె మొగుడికి చీరల వ్యాపారం. వారానికోసారి ఆదోని వచ్చి మా అరుగు మీద కూర్చుని పోయేవాడు. ఎమ్మిగనూరులో డేరా సినిమా. ఆదోనిలో ఆడిన బొమ్మలు అక్కడికి ఆలస్యంగా వచ్చేవి. వెళ్ళీ వెళ్ళగానే అడిగాను.

“పంతులమ్మ బొమ్మ వచ్చిందా? చూసినావా?”

“వచ్చి పోయిందక్కా. మేం పోలేదు.”

“ఎందుకే? పోయినసారి నీకు అంత చెప్పినాను కదా, తప్పకుండా చూడమని!”

“సెప్పినావు లే. ఆ తర్వాత బావే బాగలేదన్నాడంట గదా, మా ఇంటాయన వద్దన్నాడు.” నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు సదువుకున్నదానివి. నీకు నచ్చేవి మాకు ఎక్కుతాయా? బావకైతే మా బోటోళ్ళకు ఏం నచ్చుతాదో తెలుసు.”

వాదించాను. వాదించడంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు. మీ బావకు సినిమాకూ పత్తిబస్తాకూ తేడా తెలియదన్నాను. ఆమె చంటివాడికి బువ్వ పెట్టేటప్పుడు ఊకొట్టినట్టు ఊకొట్టింది. చివరికి, “అలిసిపోయినావు, లేక్కా. పొద్దుగూకితే తొలి ఆటకు పోదాం. ఇప్పుడున్నది శానా బాగుందంట, బావే సెప్పినాడంట,” అంది.

పోయాం. డేరాలో ఇసుక మీద ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. అది నేను అంతకుముందెప్పుడో అత్తతో చూసి, మర్నాడు భోజనం దగ్గర ఆయనకు చెప్పిన బొమ్మే. సగం గడిచాక విధవ వేషం కట్టినామె వంటింట్లో ఒంటరిగా కూర్చుని చేతులు చూసుకునే చోటొకటి వచ్చింది. చెల్లెలు నన్ను మోచేత్తో తట్టింది.

“మొగం సూడొద్దక్కా, సేతులు సూడు. ఏడుపంతా సేతుల్లోనే పెట్టిందంట. బావ సెప్పినాడంట, ఎంత బాగా సెప్పినాడో సూడు!”

నేను చేతులే చూశాను.