తుపాకీ నూనె డబ్బాకు తలంటు

నా దగ్గర పాత తుపాకీ నూనె డబ్బాలు పదిహేడు ఉన్నాయి. తుపాకీ మాత్రం ఒక్కటీ లేదు. ఇదేం పిచ్చి అని అడిగేవాళ్లను, స్టాంపులు పోగేసేవాళ్లంతా ఉత్తరాలు రాస్తున్నారా అని అడుగుతాను.

పోయిన వారం కడప నుంచి నా కాలేజీ స్నేహితురాలు నాగరత్న ఫోన్ చేసింది. వాళ్లాయన ఓబుల్ రెడ్డి దగ్గర అలాంటి డబ్బా ఉంది, దాని కాలం తేల్చాలి. బ్రిటిష్ కాలందైతే హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు. కాకపోతే నాకిచ్చేస్తాడు. శనివారమే రావాలి, ఎందుకంటే ఆదివారం వియ్యంకుడు భోజనానికి వస్తున్నాడు. "మీ ఇంటికి తుపాకీ వచ్చింది మొన్ననే గదా" అని పెళ్లిలో అందరి ముందూ ఎగతాళి చేసింది ఆ వియ్యంకుడే. డబ్బా పాతదని తేలితే తుపాకీ కూడా పాతదే అవుతుంది.

శనివారం ఉదయం ఆరుంబావుకు కర్నూలు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. ఎండ ఎడమ పక్క కొడుతుంది, కుడివైపు కూర్చోండి. నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. పక్క సీటామె పలకరించింది.

"యాడికి పోతాండావు మా?"

"కడపకు. తుపాకీ నూనె డబ్బా చూడాల."

ఆమె సంచి తీసుకుని వెనక సీటుకు పోయింది. మైదుకూరు దాకా రెండు సీట్లూ నావే.

పదకొండున్నరకు కడప చేరాను. డబ్బా పూజగదిలో ఉంది. ఏటా దసరాకు తుపాకీతో పాటు దానికీ పసుపు, కుంకుమ పెట్టి పెట్టి ముందు భాగం సగం కనబడటం లేదు. కనబడినంత చూశాను. మీకూ పనికొస్తుంది, వినండి. మూతి ప్లాస్టిక్‌దైతే కొత్తది, సీసందైతే పాతది. దీనిది సీసం. కొలత ఔన్సుల్లో ఉంది. చిరునామాలో పిన్‌కోడ్ లేదు. ఒక్కొక్కటి చెబుతుంటే ఓబుల్ రెడ్డి మొహం వెలుగుతోంది, నాది మాడుతోంది. ఇక తేల్చాల్సింది ధర. అది కుంకుమ కింద ఉంది.

"తుడవాల," అన్నాను.

"దసరా బొట్టు తుడుస్తారా వదినా? మా నాయన పెట్టింది గూడా ఉండాది దాంట్లో."

"నీ జీపుకూ ఏటా పెడతావు గదప్పా. దాన్ని కడగవా?"

"జీపు వేరే."

"ఏం, జీపు పెట్టుకునేది వేరే బొట్టా?"

అరగంట ఇదే వాదన. లోపల సంగటి చల్లారుతోంది. చివరికి నాగరత్న కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది.

"తుడవొద్దులే. తలంటు పోద్దాం. తలంటినాక కొత్త బొట్టు పెట్టొచ్చు గదా?"

ఆయన లేచి దూది తెచ్చాడు. పీట వేసి, డబ్బాను తూర్పు ముఖంగా కూర్చోబెట్టాం. ఆయనే దూదితో, పసిబిడ్డకు రుద్దినంత నెమ్మదిగా రుద్దాడు. పళ్లెంలోకి ఎర్రటి నూనె కారింది. కింద నుంచి ధర బయటపడింది. నయాపైసల్లో ఉంది!

అణాలు పోయాక, ఔన్సులు పోకముందు. ఆ కొద్దికాలపు డబ్బా ఒక్కటే నా దగ్గర లేనిది. ఎగిరి గంతేయబోయి, ఆయన మొహం చూసి ఆగాను.

"ఇది స్వాతంత్ర్యం వచ్చినాకదప్పా."

"అట్లెట్ల? దొర మా జేజినాయనకు ఇచ్చినాడని మా నాయన చెప్పినాడే!"

"దొర మీ తాతకు తుపాకీ ఇచ్చింటాడు. నూనె అయిపోదా? మీ నాయన మళ్లీ కొన్నింటాడు."

ఆయన డబ్బాను చేతిలో తిప్పి చూశాడు. "అంటే తుపాకీ దీనికంటే ముందుదే గదా?"

"నేను డబ్బాల వరకే. తుపాకీ సంగతి నాకు తెలీదు."

"అంతమాత్రం చాలు వదినా."

సంగటి, నాటుకోడి పులుసు తిని, కొత్త బొట్టు పెట్టిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూడున్నర బస్సెక్కాను. ఆళ్లగడ్డ దాటాక ఫోన్ మోగింది. పెళ్లిలో నా నంబరు తీసుకున్న వియ్యంకుడు!

"మేడమ్, ఓబుల్ రెడ్డి డబ్బా బ్రిటిష్ కాలందంట, మీరు పరిశోధనకు తీసకపోతాండారంట. నిజమేనా?"

"కాదు. నయాపైసల కాలంది," అనేశాను. రేపటి భోజనం నా నోటివల్ల పాడవబోతోంది.

అటుపక్క తలుపు వేసిన చప్పుడయింది. తర్వాత గొంతు బాగా తగ్గింది.

"మా ఇంట్లో డబ్బా మీద నల్లగా గీతలుండాయి మేడమ్. సూపర్ మార్కెట్లో మిషన్ పెట్టి చూస్తారే, అట్లాంటివి. అది ఏ కాలం?"

"రేపు వెళ్లి కమ్మగా భోంచేయండి. తుపాకీల మాటెత్తకండి."

"శానా థ్యాంక్స్ మేడమ్. ఓబుల్ రెడ్డికి చెప్పొద్దండి."

నంద్యాలలో టీ తాగుతుంటే ఓబుల్ రెడ్డి ఫోన్ చేశాడు. వియ్యంకుడు ఇప్పుడే మాట్లాడాడని, ఎన్నడూ లేనంత మర్యాదగా "బావగారూ" అన్నాడని ఆశ్చర్యపోయాడు.

"మీ డబ్బా పాతది కాబట్టే," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.