అందరి పేర్ల పక్కనా అత్త

ఈ పొద్దున ఆస్ట్రేలియాలో మేముండే గంగాలిన్‌లో కళ్లద్దాల షాపుకు వెళితే కౌంటర్ దగ్గరి అమ్మాయి నా ఈమెయిల్ అడ్రసు అడిగింది. అలవాటు చొప్పున పేరు చెప్పి, "ఎట్ ది రేట్" అని, మిగతాది చెప్పాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, తలూపి, టైపు చేసి, మెయిల్లో లెటర్ వస్తుంది, అందులో లింకు నొక్కి అడ్రసు మీదేనని వెరిఫై చెయ్యండి అంది. ట్రామ్ దిగేదాకా ఫోను చూస్తూనే ఉన్నాను, రాలేదు. ఏమైందో తెలియక బుర్ర గోక్కుంటూ ఇంటికి నడుస్తుంటే, ఇలాంటి అయోమయమే ఒకప్పుడు నన్ను వారం రోజులు తిప్పలు పెట్టిన సంగతి గుర్తుకొచ్చింది.

పది పన్నెండేళ్ల కిందటి మాట. నేను ఇక్కడి ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసే రోజులు. మా ఆవిడ శనివారాలు ఒక స్కూలు గదిలో మనవాళ్ల పిల్లలకు తెలుగు నేర్పేది. ఆవిడ తెలుగులో అడిగితే వాళ్లు ఇంగ్లీషులో జవాబు చెప్పేవారు, అయినా శుక్రవారం నుంచే ఆవిడకు పండగ. ఉన్నట్టుండి ఆ స్కూలువాళ్లు, ఇరవై కుటుంబాలు తమ తమ ఈమెయిళ్ల నుంచి వచ్చే శుక్రవారం ఐదు గంటల్లోగా ఈ క్లాసు కావాలని సమ్మతి పంపాలి, లేదంటే గది ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నారు. మా అమ్మాయి కూడా అక్కడే నేర్చుకునేది, మా ఇంటితో కలిపి సరిగ్గా ఇరవై ఇళ్లే ఉన్నాయి. ఒక్కటి తగ్గినా క్లాసు లేనట్టే. ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇంటింటికీ ఫోన్ చేస్తానంది. ఈ కాలంలో ఫోన్లేమిటి, ప్రోగ్రాం రాసి చిటికెలో అందరికీ ఫారం పంపిస్తాను చూడు అని నేను కోతలు కోశాను. స్కూలు ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది, ఆస్ట్రేలియా మనిషి, మహా ఓపికస్తురాలు. అందరికీ, మాక్కూడా, ఫోన్ చేసి అడ్రసులు అడిగి జాబితా రాసిచ్చింది. నేనొక క్లౌడ్ ఈమెయిల్ సర్వీసులో ఖాతా తెరిచాను. కొత్త ఖాతా కాబట్టి వాళ్లకు మామీద నమ్మకం కుదిరేదాకా, పంపే అడ్రసుతో పాటు అందుకునే అడ్రసు కూడా వెరిఫై కావాలట. నా ప్రోగ్రాం ఒక్కో అడ్రసునూ అప్పగిస్తే, సర్వీసు దానికి లెటర్ పంపుతుంది. ఆ ఇంటివాళ్లు లింకు నొక్కితే వెరిఫైడ్, నొక్కేదాకా పెండింగ్.

పంపడానికి క్లాసు పేరు మీద నేను టైపు చేసుకున్న అడ్రసు క్షణంలో వెరిఫైడ్ అయింది. మిగతా ఇరవై పెండింగ్. మర్నాడూ పెండింగే, ఆ మర్నాడూ అంతే. సర్వీసేమో లెటర్లు పంపించేశామంటుంది. నాకే రాలేదు మొర్రో అంటే వినేదెవరు! తప్పు నా ప్రోగ్రాంలోనే ఉందనుకుని, ఉన్న లైన్లు చెరిపి మళ్లీ రాశాను, రాసినవి మళ్లీ చెరిపాను. తల ప్రాణం తోకకొచ్చింది గానీ ఒక్క పెండింగూ కదల్లేదు. ఆ జాబితా వంక మాత్రం తిన్నగా చూసిన పాపాన పోలేదు.

గురువారం పొద్దున మా ఆవిడ ఇక ఆగలేక, నా చేతిలోంచి జాబితా లాక్కుని కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఏమండీ, అందరి పేర్ల పక్కనా ఈ అత్తె ఎవరండీ? ఇరవై ఇళ్లకీ ఒక్కతే అత్తా?"

చూద్దును కదా, ప్రతి పేరు చివరా ఏ, టీ, టీ, హెచ్, ఈ అంటూ ఇంగ్లీషు అక్షరాల్లో అత్తె, ఆ వెనకే రేటు! మనవాళ్లు ఒక్కొక్కరే "ఎట్ ది రేట్" అంటుంటే, ఉత్త "ఎట్" తప్ప ఎరగని ఆ పెద్దావిడ, పాపం, అదీ పేరులో ముక్కే అనుకుని పొల్లుపోకుండా రాసి, దాని తర్వాత చుట్టిన ఏ గుర్తు కూడా పెట్టింది. లెటర్లన్నీ లోకంలో లేని మనుషులకు వెళుతున్నాయన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ నా తెలివిని నమ్మే ధైర్యం లేక, మా ఆవిడ ఫోన్‌లో అడిగి సరే అన్నాకే ఒక్కో అడ్రసూ దిద్దాను. లెటర్ వచ్చినా నొక్కడానికి జనానికి భయం. "లింకులు స్కామ్ అంట గదమ్మా, మా పోరడు నొక్కొద్దన్నడు," అన్నాడు వరంగల్ అంకుల్ ఒకాయన. "అది మాదే అంకుల్, నేను చెప్తున్నాగా, నొక్కండి," అంది మా ఆవిడ. "నువ్వు జెప్పినంక ఇంకేంది, నొక్తున్న." ఒక్కో ఫోనూ అరగంట. మధ్యలో గోంగూర ఎవరి పెరట్లో బాగా వచ్చిందో కూడా తేలాలి మరి.

శుక్రవారం నాలుగింటికి పందొమ్మిది సమ్మతులు వెళ్లాయి. ఇరవయ్యోది లేదు. ఆవిడ నోట్‌బుక్‌లో ఫోన్ చేసిన ప్రతి పేరుకూ టిక్కు ఉంది. వేళ్లు మడిచి మళ్లీ మళ్లీ లెక్కపెట్టినా ఎవరిల్లు తప్పిపోయిందో నాకు తోచలేదు. ఆవిడే మెల్లగా అంది: "ఈసారి మనింటికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు కదండీ."

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతకడమంటే అదే. నా పేరు పక్కన కూడా దర్జాగా కూర్చుని ఉంది అత్త! దిద్ది, నొక్కి, సమ్మతి పంపేసరికి నాలుగూ యాభై. ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చింది. క్లాసు నిలబడింది, ఆరేడేళ్లు నడిచింది కూడా. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కొత్త పిల్లలకు ఫోన్లోనే తెలుగు నేర్పే యాప్‌లొచ్చాయి, గది దానంతటదే ఖాళీ అయింది.

ఇంటికొచ్చి లెటర్ రాలేదని చెబితే మా ఆవిడ ఒక్కటే అడిగింది, ఎట్ ది రేట్ అన్నారా అని. ఇద్దరం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ నోట్‌బుక్ ఇంకా ఫోను పక్కనే ఉంది. ఇరవై ఇళ్లవాళ్లూ ఈ ఊళ్లోనే ఉన్నారు, పెళ్లికీ పేరంటానికీ పిలుపులు మెయిల్లోనే వస్తాయి, అన్నీ సరైన అడ్రసుకే. ఒక్క అక్షరం తప్పుపోదు. అందుకేనేమో, మనింటికి ఎవరూ ఫోన్ చెయ్యరు.