రెండూ ఎడమచేతులే

వీధి మలుపులోని ఆ కుట్టుపని దుకాణానికి బయట పేరుపలక ఉన్నా, దాన్ని చదివినవారు తక్కువ. అందరికీ అది కత్తెరమ్మ కొట్టు. కత్తెరమ్మకు డెబ్బై దాటాయి. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, పెదవుల మధ్య గుండుసూదులు, ఆ సూదుల సందుల్లోంచే ఎత్తిపొడుపులు. కుట్టేవాళ్లు మారారు, మిషన్లు మారాయి. గుడ్డ మీద కత్తెర పెట్టే హక్కును మాత్రం ఆమె ఎవరికీ బదలాయించలేదు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే గుడ్డే పోతుంది. కాబట్టి ఆ కొట్టులో కటింగు బల్ల దగ్గర నిలబడినవారే యజమాని.

చలికాలం మొదట్లో ఆమె కుడి బొటనవేలి కీలు వాచింది. నాలుగు కోతలు కోసేసరికి చెయ్యి మొండికేసేది. విశ్రాంతి ఇవ్వమన్నాడు డాక్టరు. ఆమె వేలికి ఇచ్చింది, తనకు ఇచ్చుకోలేదు. ఎడమచేతివాటం వాళ్ల కోసం చేసే కత్తెర ఒకటి తెప్పించుకుని, కొట్టులో తోడుండే కూతురూ, కుట్టేవాళ్లూ భోజనానికి వెళ్లిన సమయాల్లో పాత వార్తాపత్రికల మీద సాధన మొదలుపెట్టింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు; జాలిపడినవాళ్లు పని చెయ్యనివ్వరు.

కానీ చెప్పకపోవడం వల్ల మరో అనర్థం వచ్చింది. బల్ల కింద పీలికలైన పత్రికలు, గుడ్డకు లోపలివైపున కాక పైవైపున పడ్డ సుద్దగీతలు, ఎప్పుడూ లేనిది ఎడమపక్కకు చేరిన టీగ్లాసు కూతురి కంటపడ్డాయి. తల్లి ఒక్కోసారి గుడ్డ ముందు కదలకుండా నిలబడిపోవడమూ చూసింది. ఇంట్లో మొగుడూ పెళ్లాలూ విచారణ జరిపారు. ముద్దాయిని పిలవలేదు. అమ్మకు మతి తప్పుతోందని తీర్పు ఖాయమైంది. అల్లుడిది తాళాలు బాగుచేసే పని. ఏ సమస్యకైనా ఆయనకు తోచే పరిష్కారం ఒక్కటే. కటింగు బల్ల సొరుగుకు తాళం బిగించి, తాళంచెవి భార్య చేతికిచ్చాడు.

ఆ తాళం అక్కరకొచ్చే రోజు త్వరలోనే వచ్చింది. వీధి చివర ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ తన ఉన్నికోటు వేసి చూసుకోవడానికి వచ్చింది. ఎడమచెయ్యి హాయిగా దూరింది. కుడిచెయ్యి దూరాక ఆమె అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది.

"కత్తెరమ్మా, ఈ చెయ్యి నన్ను వెనక్కి నడవమంటోందేంటి?"

మిషన్ల దగ్గరివాళ్లు పకపకా నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు. కోటుకు రెండూ ఎడమచేతులే ఉన్నాయి. కూతురు బల్ల మీది కత్తెరలు రెండూ సొరుగులో వేసి, తాళం తిప్పింది.

"అమ్మా, ఇకనుంచి నువ్వు బొత్తాల కాజాలు చూసుకో. హాయిగా కూర్చుని చేసే పని."

"కూర్చోబెట్టేది నన్నా, నా బుర్రనా?"

"అందరి ముందూ గొడవెందుకే?"

"తాళం అందరి ముందే వేశావుగా! మాట మాత్రం చాటుగానా?"

కూతురు తల్లి దగ్గరికి వచ్చింది. "నాకు భయంగా ఉందమ్మా. మొన్న పిలిస్తే, నేనెవరో తెలీనట్టు చూశావు."

"నిన్ను చూళ్లేదే పిచ్చిదానా. సుద్ద ఏ చేత్తో పట్టుకోవాలా అని చూసుకుంటున్నా." కత్తెరమ్మ కోటుచెయ్యి గీసే అట్టను బల్ల మీద పరిచింది. "ఇన్నేళ్లూ కుడిచేత్తో కోశాను. ఒక చెయ్యి కొయ్యగానే రెండోదానికి అట్ట దానంతటదే తిరగబడేది. నా బుర్రకి పనే ఉండేది కాదు. ఇప్పుడు కోసేది ఎడంచెయ్యి. అంతా అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి. అలవాటు ఒకసారి తిప్పింది, బుర్ర ఇంకోసారి తిప్పింది. రెండుసార్లు తిప్పితే ఏమవుతుంది? మొదటికొచ్చింది! ఇది మరిచిపోయి చేసిన తప్పు కాదే, మరీ ఎక్కువ ఆలోచించి చేసిన తప్పు."

మరిచిపోయేవారి తప్పూ, నేర్చుకునేవారి తప్పూ గుడ్డ మీద ఒకేలా కనిపిస్తాయి. బడిపిల్ల చేస్తే అభ్యాసం అంటాం. తల నెరిసిన మనిషి చేస్తే ఆ తప్పుకే జబ్బు పేరు పెడతాం. కారణం అడగం. అడగకుండా ఇచ్చిన తీర్పును ప్రేమ అని పిలిచినంత మాత్రాన అది న్యాయం అయిపోదు.

నర్సమ్మ కోటు విప్పి బల్ల మీద పెట్టింది. "గుడ్డ మిగిలిందా పెద్దమ్మా?"

"ఒక్క చేతికి వస్తుంది."

"అయితే నా ఎదురుగానే కొయ్యండి."

"అదీ పాడైతే?" అంది కూతురు.

"మా వార్డులో ఎలాగూ ఉక్కే. చేతుల్లేని కోటు వేసుకుంటా."

కూతురు కాసేపు తాళంచెవిని పిడికిట్లోనే ఉంచుకుంది. చివరికి సొరుగు తెరిచింది. కత్తెరమ్మ ఎడమచేతి కత్తెర మాత్రం తీసుకుంది. మిగిలిన గుడ్డ పరిచి, అట్ట పెట్టి, సుద్ద ఎత్తి ఆగిపోయింది. మిషన్లు ఆగాయి. కూతురు ఉండబట్టలేకపోయింది.

"తిప్పాలేమోనమ్మా..."

"నోర్ముయ్యవే. ఆలోచిస్తున్నాను."

ఆమె అట్టను ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పబోతున్న కుడిచేతిని తానే వెనక్కి లాక్కుని, నడుం వెనక పెట్టుకుంది. గీసింది. కోసింది. పాత చేతిని ఊడదీసి, కొత్తదాన్ని సూదులతో గుచ్చి నర్సమ్మకు తొడిగింది. ఈసారి కోటుచెయ్యి ముందుకే చూసింది.

కూతురు సొరుగులోని పాత కత్తెర తీసి తల్లికి అందించబోయింది.

"అది నువ్వుంచుకో. దాంతో నాకు నేర్చుకునేదేం లేదు."

నర్సమ్మ భుజం దగ్గర వేలు పెట్టి చూసింది. "అంచు కాస్త వంకర పోయింది కదా పెద్దమ్మా?"

"పోయింది," అంది కత్తెరమ్మ, నోట్లో సూదులు సర్దుకుంటూ. "అది కొత్త తప్పు. దాని సంగతి రేపు చూస్తాను."