లారీలను మలుపుతున్న అమ్మ

గొర్లు కాసి మమ్మల్ని పెంచిన అమ్మకు మతిమరుపు జబ్బు ముదురుతోందని డాక్టరు చెప్పాక, ఇకముందు ఎవరు చూసుకోవాలో మాట్లాడుకుందామని ఇద్దరన్నలనూ నార్కట్‌పల్లిలోని మా ఇంటికి పిలిచాను.

“అమ్మకేమైంది? మంచిగనే ఉన్నది. నువ్వే లేనిపోని ఫికర్ పెట్టుకున్నవ్ చెల్లె,” అన్నాడు పెద్దన్న. అమ్మంటే తనకెంత ప్రాణమో చిన్నన్న చాలాసేపు చెప్పాడు. ఇంట్లో జాగా మాత్రం లేదట. ఆ ప్రేమ కబుర్లలో అమ్మ ఎప్పుడు లేచి వెళ్లిందో ఎవరం చూడలేదు.

బయటికి పరుగెత్తితే, అమ్మ హైవే నడుమ ఎండుకొమ్మ ఊపుతూ లారీలను అదిలిస్తోంది. ఒక లారీ కీచుమంటూ ఆమె ముందే ఆగింది. నేను ఉరికి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

“గొర్లు ఆగమైతున్నయి బిడ్డా, జర మలుపు,” అంది అమ్మ.

“నలుగురు చూస్తున్నరు. ఇజ్జత్ పోయింది,” అన్నాడు పెద్దన్న, రోడ్డు మీదికి దిగకుండానే.

“అమ్మ నా దగ్గర్నే ఉంటది. మీరు పోండ్రి,” అన్నాను, అమ్మను ఇంట్లోకి తీసుకొచ్చాక. వాళ్లు చెప్పులు తొడుక్కున్న వేగం ఇప్పటికీ మరువలేను.

ఇప్పుడు పండక్కి ఆపిల్ పండ్లతో వచ్చి, అమ్మ పక్కన ఫొటో దిగి, ‘మా తల్లే మా దేవత’ అని ఫోన్లో పెట్టుకుంటారు. అమ్మకు ఒక్కపూట స్నానం చేయించమంటే ఇద్దరికీ పని గుర్తొస్తుంది.

నా పిల్లలతో మాత్రం ఇప్పుడే చెప్పేశాను: నాకు మతి తప్పితే దేవతను చేయొద్దు, వేళకు అన్నం పెడితే చాలని.